పరుగులో నడక

మారథాన్ అంటే నలభై రెండు కిలోమీటర్లు ఆగకుండా పరిగెత్తడమేనన్న అభిప్రాయం బలంగా పాతుకుపోయింది. మధ్యలో నడిస్తే ఓడినట్టే అనుకుంటారు. చరిత్ర తిరగేస్తే మాత్రం నడక ఆ పరుగుకి ఎప్పుడూ తోడుగానే ఉంది. ఎవరు నడిస్తే దాన్ని పోరాటం అన్నారు, ఎవరు నడిస్తే బలహీనత అన్నారు అన్నదే మనం చూడాల్సిన విషయం.

1904 సెయింట్ లూయిస్ ఒలింపిక్స్‌లో మారథాన్ విజేత థామస్ హిక్స్. మండే ఎండలో, దుమ్ములో అతను కొంతదూరం నడిచాడు. సహాయకులు బ్రాందీ, స్ట్రిక్నిన్ పట్టించి అతన్ని ముందుకు నడిపించారు. ఆనాడు 32 మంది బయల్దేరితే 14 మందే గమ్యం చేరారు. 1908లో లండన్‌లో ఇటలీకి చెందిన డొరాండో పియెత్రి స్టేడియంలోకి వచ్చాక పదే పదే కుప్పకూలాడు. అధికారులు పట్టుకుని గీత దాటించారు కనుక అనర్హుడన్నారు. అయినా మర్నాడు అలెగ్జాండ్రా రాణి అతనికి ప్రత్యేకంగా కప్పు బహూకరించింది. అతను వీరుడైపోయాడు. ఈ రెండూ చూసి, మగవాళ్ల శరీరం దూరపు పరుగుకి పనికిరాదని ఎవరూ తీర్మానించలేదు.

1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మొదటిసారి స్త్రీలకి 800 మీటర్ల పరుగు పెట్టారు. ఫైనల్లో తొమ్మిదిమంది పరిగెత్తారు. తొమ్మిదిమందీ పూర్తి చేశారు. జర్మనీకి చెందిన లీనా రాడ్కె 2 నిమిషాల 16.8 సెకన్లలో గెలిచింది. గీత దాటాక ఒకరిద్దరు అలసటతో కూలబడ్డారు. కొన్ని పత్రికలు దాన్నే పట్టుకుని, పదకొండుమంది పరిగెత్తినట్టూ సగంమంది మధ్యలోనే మానేసినట్టూ, స్పృహ తప్పినట్టూ రాశాయి. పరిగెత్తినవాళ్ల సంఖ్యే తప్పు. కానీ ఆ రాతలే సాక్ష్యమయ్యాయి. 1960 రోమ్ ఒలింపిక్స్ దాకా స్త్రీలకి 200 మీటర్లు మించిన పరుగే లేకుండా పోయింది. ముప్ఫై రెండేళ్ల నిషేధానికి కారణం కొన్ని నిమిషాల అలసట!

అంతకు యాభై ఏళ్ల ముందే స్త్రీలు ఎంతదూరం వెళ్లగలరో జనం డబ్బులిచ్చి మరీ చూశారు. 1870లలో బ్రిటన్, అమెరికాల్లో నడక పందేలు పెద్ద వినోదం. నడవడమా, పరిగెత్తడమా అన్నది పోటీదారుల ఇష్టానికే వదిలేసే పందేలు కూడా ఉండేవి. 1878 డిసెంబరులో బ్రూక్లిన్‌లో ఎడా ఆండర్సన్ అనే బ్రిటిష్ స్త్రీ ప్రతి పావుగంటకీ పావుమైలు చొప్పున నడవడం మొదలుపెట్టింది. 2700 పావుగంటల్లో 2700 పావుమైళ్లు. అంటే ఇరవై ఎనిమిది రోజులకు పైగా. ప్రతి పావుగంటలో నడక పోను మిగిలిన కాసిని నిమిషాల్లోనే ఆమె తిండీ, నిద్రా. 1879 జనవరిలో ఆ పందెం పూర్తిచేసింది. చిన్న చిన్న విరామాలతోనే దూరాన్ని జయించవచ్చని ఆమె ఆనాడే చేసి చూపించింది. 1928 నాటికి ఈ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. స్త్రీలు సాధించినవి మరుగున పడటం మనకి కొత్త కాదు.

1966లో బాబీ గిబ్ బోస్టన్ మారథాన్‌కి దరఖాస్తు చేస్తే, స్త్రీలకి ఆ శారీరక శక్తి లేదంటూ తిరస్కరించారు. ఆమె పొదల చాటున దాగి, పరుగు మొదలయ్యాక మగవాళ్లలో కలిసింది. 3 గంటల 21 నిమిషాల్లో పూర్తి చేసింది. మరుసటి ఏడు కాథరిన్ స్విట్జర్ 261 నంబరుతో పరిగెడుతుంటే నిర్వాహకుడొకడు మీదపడి నంబరు లాగెయ్యబోయాడు. తాను మధ్యలో మానేస్తే స్త్రీలకి చేతకాదనే ప్రచారం మళ్లీ మొదలవుతుందన్న భయమే తనని చివరిదాకా నడిపించిందని ఆమె తర్వాత చెప్పింది. గిబ్‌దీ అదే భయం. మగవాడు ఆగితే అతనొక్కడే ఆగినట్టు. ఆమె ఆగితే స్త్రీజాతి మొత్తం ఆగినట్టు! ఉద్యోగం చేసే స్త్రీ ఒకరోజు “అలిసిపోయాను” అంటే, “చేతకాకపోతే మానెయ్యి” అనే మాట ఎంత సిద్ధంగా ఉంటుందో మనకి తెలుసు. బరువు ఆ దూరంలో లేదు, ఆ మాటలో ఉంది.

అందుకే 1972 న్యూయార్క్ మారథాన్ నాకు ముఖ్యమనిపిస్తుంది. స్త్రీలు మగవాళ్లకంటే పది నిమిషాలు ముందుగా, విడిగా బయల్దేరాలని నిబంధన పెట్టారు. తుపాకీ పేలగానే ఆరుగురు స్త్రీలు పరిగెత్తకుండా గీత దగ్గరే కూర్చున్నారు. పది నిమిషాల తర్వాత మగవాళ్లతో కలిసి లేచి పరిగెత్తారు. వాళ్ల సమయాలకి ఆ పది నిమిషాలూ కలిపారు. ఆగడం లొంగిపోవడం కాదు, ధిక్కారం కూడా కాగలదు.

1974లో అమెరికన్ ఒలింపియన్ జెఫ్ గాలోవే కొత్తగా పరుగు నేర్చుకునేవాళ్ల తరగతిలో నడక విరామాలను ఒక పద్ధతిగా మార్చాడు. అలిసిపోయాక నడవడం కాదు, అలసట రాకముందే, మొదటి నిమిషాల నుంచే కాసేపు పరుగు, కాసేపు నడక. కండరాలకి పదేపదే కాస్త విడుపు దొరకడంతో శక్తి చివరిదాకా నిలుస్తుంది. వయసు మీదపడ్డాకో, కాన్పుల తర్వాతో మొదలుపెట్టిన స్త్రీలకి ఈ పద్ధతి తలుపు తెరిచింది.

1984లో లాస్ ఏంజెలెస్‌లో స్త్రీల మారథాన్ తొలిసారి ఒలింపిక్స్‌లోకి వచ్చింది. జోన్ బెనాయిట్ 2 గంటల 24 నిమిషాల 52 సెకన్లలో గెలిచింది. స్విట్జర్లాండ్ తరఫున పరిగెత్తిన గాబ్రియేలా ఆండర్సన్-షీస్ ఎండదెబ్బకి తూలుతూ, ఒంటిని ఈడ్చుకుంటూ స్టేడియంలోకి వచ్చింది. ఎవరైనా తాకితే అనర్హురాలవుతుంది కనుక వైద్యులని దగ్గరికి రానివ్వలేదు. చివరి నాలుగు వందల మీటర్లకి ఆమెకి దాదాపు ఆరు నిమిషాలు పట్టింది. 37వ స్థానంలో నిలిచింది. ఆమెని చూసి స్త్రీల పరుగుని ఈసారి ఎవరూ రద్దు చేయలేకపోయారు. 1988లో సోల్‌లో స్త్రీలు మళ్లీ మారథాన్ పరిగెత్తారు.