వీధిబడిలో ఒక ఏడాది: రాయపురం పరిసరాల్లో తెలుగు పిల్లల తొలిచదువు

రాయపురం అనగానే చరిత్ర విద్యార్థికి మొదట స్ఫురించేది రైలు. 1856 జూలై 1న దక్షిణ భారతంలో తొలి ప్రయాణికుల రైలు ఇక్కడి స్టేషన్ నుంచే వాలాజా రోడ్డుకు బయలుదేరింది. ఊరి పేరు పేతురు పునీతునికి తమిళ క్రైస్తవులు పెట్టుకున్న ‘రాయప్పర్’ అన్న పేరునుంచి వచ్చిందంటారు. ‘రాయ’ శబ్దాన్ని చూసి దీన్ని విజయనగరంతో ముడిపెట్టాలని మనవాళ్ళకు అనిపించవచ్చు గాని, ఆ శ్రమ అవసరం లేదు. ఈ రాయపురానికి ఆనుకుని ఉన్న చాకలిపేట, తండయారుపేట, కొరుక్కుపేటల్లో తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఈ ఇళ్ళలో ఐదేళ్ళు నిండిన పిల్లవాడు బడిలో చేరితే ఏం నేర్చుకునేవాడు, ఏ వరసలో నేర్చుకునేవాడు అన్నదే ఈ వ్యాసంలో మేము పరిశీలించదలచిన విషయం.

మొదట ఒక మాట స్పష్టం చేయాలి. పాత వీధిబడిలో ‘విద్యా సంవత్సరం’ అన్నది లేదు. మంచి ముహూర్తం చూసి, తరచుగా విజయదశమినాడు, అక్షరాభ్యాసం చేసేవారు. అక్కడినుంచి ఎవరి చదువు వారిది. ఒకడు ఆరు నెలల్లో గుణింతాలు దాటితే, పక్కవాడు ఏడాదిన్నర అక్కడే ఉండవచ్చు. తప్పడం, నెగ్గడం అనే మాటలకు అక్కడ అర్థం లేదు. సెలవులు కూడా పంచాంగాన్ని బట్టే. పున్నమి, అమావాస్యలకు బడి లేదు. పాడ్యమినాటి చదువు పనికిరాదన్న నమ్మకం ఇప్పటికీ మన పెద్దల నోట వినిపిస్తుంది. దసరాకు పిల్లలు గిలకలు, విల్లంబులు పట్టుకుని పంతులుగారి వెంట ఇల్లిల్లూ తిరిగి పద్యాలు చెప్పేవారు. పంతులుగారికి కట్నం, పిల్లలకు పప్పుబెల్లాలు. దీన్ని వేడుకగానే చూస్తున్నాం గాని, అది ఉపాధ్యాయుడి వార్షికాదాయంలో భాగం. పిల్లలు ఏం నేర్చుకున్నారో వీధివారి ఎదుట చూపించే పరీక్ష కూడా అదే.

పాఠం ఇసుకతో మొదలయ్యేది. అరుగుమీద ఇసుక పరచి, వేలితో అక్షరం దిద్దించేవారు. ‘ఓం నమః శివాయ’తో మొదలుపెట్టడం వల్లనే అక్షరమాలకు ‘ఓనమాలు’ అన్న పేరు వచ్చింది. దిద్దుతూ బిగ్గరగా పలకడం, పలుకుతూ దిద్దడం. చేయి, చెవి, నోరు ఒకేసారి పనిచేసేవి. తర్వాత గుణింతాలు, ఒత్తులు, ఆపైన తాటాకు, గంటం. పై పిల్లలు కింది పిల్లలకు చెప్పేవారు. పంతులుగారు అందరినీ అజమాయిషీ చేసేవారు.

ఈ పద్ధతి రాయపురానికి కొద్ది మైళ్ళ దూరంలో ఒక ఆంగ్లేయ మతాధికారి కంటబడింది. ఎగ్మూరులోని మగపిల్లల అనాథాశ్రమానికి 1789 నుంచి పర్యవేక్షకుడుగా ఉన్న ఆండ్రూ బెల్, దేశీయుల బడిలో పిల్లలు ఇసుకలో రాయడం చూసి తన ఆశ్రమంలో ప్రవేశపెట్టాడు. పిల్లలచేతనే పిల్లలకు చెప్పించడాన్ని ఒక క్రమపద్ధతిగా చేసి, ఇంగ్లండు తిరిగి వెళ్ళాక 1797లో పుస్తకం అచ్చువేశాడు. అదే ‘మద్రాసు పద్ధతి’ పేరుతో బ్రిటన్‌లో వ్యాపించింది. స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్ పట్టణంలో ఆయన సొమ్ముతో వెలసిన మాడ్రాస్ కాలేజి నేటికీ పాఠశాలగా నడుస్తున్నది. మన అరుగుబడి ఊరి పేరు సముద్రం దాటింది గాని, ఆ పంతుళ్ళ పేర్లు దాటలేదు.

ఇక లెక్కలు. ఇక్కడ కాస్త ఆగవలసి ఉంది. ఎక్కాలంటే రెండో ఎక్కం, మూడో ఎక్కం మాత్రమే అని ఇప్పటి విద్యార్థులు అనుకుంటారు. వీధిబడిలో భిన్నాలకూ ఎక్కాలుండేవి. అర, పాతిక, అందులో సగం పరక, అందులో సగం వీసం, వీసంలో నాలుగో వంతు కాని. అంటే వీసం పదహారో వంతు, కాని అరవైనాలుగో వంతు. ఇది గణితకౌశలం కోసం పెట్టిన కసరత్తు కాదు. రూపాయికి పదహారణాలు, అణాకు నాలుగు కానులు. కాబట్టి వీసం ఎక్కం వచ్చినవాడికి అణాల లెక్క వచ్చినట్టే. కాని ఎక్కం వచ్చినవాణ్ణి అంగట్లో ఎవరూ మోసగించలేరు. దీనితోపాటే తూనికలు: మూడు తులాలు పలం, నలభై పలాలు వీశె, ఎనిమిది వీశెలు మణుగు. కొలతల్లో మాత్రం మద్రాసు తెలుగు పిల్లవాడికి ఇబ్బంది ఉండేది. ఆంధ్రదేశపు బడిలో సోల, తవ్వ, మానిక, కుంచం చెప్పేవారు. చెన్నపట్నపు బజారులో ధాన్యం పడితో, మరక్కాలుతో కొలిచేవారు. పుస్తకంలోని కొలత ఒకటి, వీధిలోని కొలత ఒకటి. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు, 1958 నుంచి మెట్రిక్ తూనికలు అమలులోకి రావడంతో ఈ చదువంతా ఒక్క తరంలో పనికిరానిదైంది. పావలా, పాతిక, వీసమెత్తు వంటి మాటలు మాత్రం నుడికారంలో మిగిలాయి.

ఈ విషయాలన్నిటినీ ఒకచోట చేర్చిన పుస్తకం పెద్దబాలశిక్ష. 19వ శతాబ్దిలో పుదూరు సీతారామశాస్త్రి కూర్చిన ఈ పుస్తకం మద్రాసు ముద్రాలయాల్లోనే పుట్టి పెరిగింది. వావిళ్ళవారు తదితరులు దాన్ని పదేపదే సంస్కరించి, పెంచి అచ్చువేశారు. అక్షరాలు, గుణింతాలు, రెండక్షరాల మాటలు, మూడక్షరాల మాటలు, చిన్న వాక్యాలు, నీతులు, ప్రభవాది అరవై సంవత్సరాలు, తిథులు, నక్షత్రాలు, ఎక్కాలు, కొలతలు అందులో ఉంటాయి. తమిళ పిల్లవాడి తొలిపాఠమైన ఔవైయార్ ‘ఆత్తిచూడి’తో దీన్ని పోల్చిచూడటం తెలుగు విద్యార్థులకు ఉపయోగకరం. అందులో నీతివాక్యాలు అక్షరక్రమంలో ఉంటాయి; అక్షరమూ నీతీ కలిసే వస్తాయి. మన పుస్తకం మాటలోని అక్షరాల సంఖ్యను బట్టి నడుస్తుంది. నీతి తర్వాత వస్తుంది. పిల్లవాడికి ఏది సుగమమో తేల్చడం మా పని కాదు గాని, చదవడం నేర్పడానికి మన వరసే మెరుగైనదని మా అభిప్రాయం.

అయితే వీధిబడిని స్వర్ణయుగంగా చిత్రించడం సరికాదు. 1822లో గవర్నరు థామస్ మన్రో దేశీయ విద్యపై వివరాలు సేకరించమన్నాడు. 1826 నాటి లెక్కలో మద్రాసు రాజధానిలో 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు తేలారు. అందులో బాలికలు 4,540 మంది మాత్రమే. ధరంపాల్ 1983లో ఈ నివేదికలను తిరిగి ప్రచురించినప్పటినుంచి వీటిపై వాదోపవాదాలు సాగుతున్నాయి. బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్, 1816లో తెలుగు వ్యాకరణం ప్రకటించినవాడే, 1823 నివేదికలో రెండు మాటలూ చెప్పాడు. తక్కువ ఖర్చుతో రాత నేర్పడం, పిల్లలచేత పిల్లలకు చెప్పించడం మెచ్చుకున్నాడు. పద్యాల భాష మాత్రం పిల్లలకు అర్థం కాదని, చిలకపలుకుల్లా వల్లిస్తారని విచారించాడు. ఈ విమర్శకు సమాధానం వెదకడానికి గిడుగు రామమూర్తి దాకా ఆగవలసి వచ్చింది. పంచముల పిల్లలకు అరుగుమీద చోటు లేదన్న సంగతి కూడా మరువరాదు.

‘ఈ ఏడాది ఇంత పాఠం’ అన్న ఊహ 1860ల చివర ‘ఫలితాలను బట్టి గ్రాంటు’ విధానంతో బలపడింది. ఇన్స్పెక్టరు ఏటా వచ్చి తరగతివారీగా పరీక్షించి, నెగ్గిన పిల్లల లెక్కన బడికి సొమ్ము ఇప్పించేవాడు. దసరా కట్నంమీద బతికే పంతులు ఇన్స్పెక్టరు రాకకు ఎదురుచూడసాగాడు. తిథి పోయి తేదీ వచ్చింది. పలక, నల్లబల్ల వచ్చాయి. వెనకబడినవాడు తప్పినవాడయ్యాడు.

ఆకలి సంగతి పాఠ్యక్రమంలో ఉండదు. దాన్ని బడిలోకి తెచ్చినవాడు ఈ ఉత్తర మద్రాసు తెలుగువాడే. దేవాంగ కుటుంబంలో పుట్టిన పిట్టి త్యాగరాయ చెట్టి (1852-1925) నగర కార్పొరేషన్ అధ్యక్షుడుగా 1920లో థౌజండ్ లైట్స్ బడిలో పిల్లకు అణా మించని ఖర్చుతో మధ్యాహ్న భోజనం పెట్టించాడు. ప్రాథమిక విద్యానిధి సొమ్ము దీనికి వాడరాదన్న ప్రభుత్వ అభ్యంతరంతో కొంతకాలానికి అది ఆగింది. రాష్ట్రమంతటికీ విస్తరించడం 1956లో కామరాజ్ కాలంలో మొదలైంది. 2022లో ప్రాథమిక తరగతులకు ఉదయపు అల్పాహారం కూడా వచ్చింది.

స్వాతంత్ర్యానంతరం తమిళనాడులోని తెలుగు మాధ్యమపు బడుల్లో తెలుగే ప్రథమభాషగా ఉండేది. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు సౌకర్యాలు కల్పించాలన్న 350-ఏ అధికరణం 1956లో రాజ్యాంగంలో చేరింది. 2006 తమిళ అభ్యసన చట్టంతో పరిస్థితి మారింది. 2006-07లో ఒకటో తరగతిలో చేరిన పిల్లలనుంచి ఏటా ఒక తరగతి చొప్పున తమిళం తప్పనిసరి ప్రథమభాష అయింది; తెలుగు ఐచ్ఛికమైంది. 2016లో ఆ పిల్లలు పదో తరగతికి వచ్చేసరికి వ్యవహారం న్యాయస్థానాలకు చేరింది. మైనారిటీ విద్యార్థులకు ఏటేటా మినహాయింపులు లభించాయి. 2023లో సుప్రీంకోర్టు మరో ఏడాది పొడిగించింది.

చెన్నపట్నంలో బతికే పిల్లవాడికి తమిళం రావలసిందే. ఇందులో రెండో మాట లేదు. ప్రశ్న బడిగంటలది. తమిళ లిపిలో క, గలకు ఒకటే అక్షరం. తెలుగులో క, ఖ, గ, ఘ నాలుగు. ఆరేళ్ళ వయసులో రెండు వరసలూ కలిసి నడవాలంటే తెలుగుకు రోజూ కొంత సమయం, చెప్పే ఉపాధ్యాయుడు, అచ్చుపుస్తకం కావాలి. ఐచ్ఛికభాషకు మార్కుల ఒత్తిడి లేనప్పుడు ఈ మూడింటిలో మొదట జారిపోయేది సమయం. రాయపురం పరిసరాల ఇళ్ళలో తెలుగు మాట్లాడుతూ, తెలుగు చదవలేని పిల్లలు ఉన్నారంటే కారణం అక్షరాల కష్టం కాదు. వారపు కాలపట్టికలో ఆ అక్షరాలకు మిగిలిన గంటలు.