విద్యార్థులు త్రవ్విన కొండవాలు

గ్రామపెద్దలారా! చదువుకొన్నవాఁడు పార పట్టఁడను మాట మన యూళ్లలో నున్నది. దానికి భిన్నమైన చరిత్ర యొకటి నేను మీకు మనవి చేసెదను.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున సాంటాక్రూజ్ విశ్వవిద్యాలయమునకు 1967లో అలన్ చాడ్విక్ అను ఆంగ్లేయుఁడు వచ్చెను. తోటకై అతఁ డేర్పఱచుకొన్నది రాళ్లు నిండిన కొండవాలు. అతఁడు పగలెల్ల శ్రమించుటఁ జూచి విద్యార్థు లొక్కరొక్కరుగా వచ్చి చేరిరి. యంత్రములు లేవు, రసాయనపు టెరువులు లేవు. రెండు పారల లోతు త్రవ్వి, మాఁగిన యెరువు కలిపి మళ్లు గట్టిరి. ఆ వాలే పూలతోను కూరలతోను నిండెను.

చాడ్విక్ కొన్నియేండ్లకే వెడలిపోయెను. పని మాత్రము నిలువలేదు. 1971 ప్రాంతమున ఆ యావరణలోనే పొలము వెలసినది. నేఁ డది సుమారు 30 ఎకరములు. అచ్చట వేయిమందికిఁ బైగా సేద్యము నేర్చిరి.

ఆకును పేడను పొరలుగాఁ బేర్చి యెరువుగా మాఁగవేయు విద్య మనకుఁ గ్రొత్తగాదు. 1924 మొదలు 1931 వఱకు ఇండోరులో పరిశోధించిన ఆల్బర్ట్ హోవర్డు, ఈ దేశపు రైతులను తన గురువులుగా నెంచెను. అట్టి గురువులు మీ రుండఁగా, మన పిల్లలు ఎరువును పుస్తకములలోనే చూచుట న్యాయమా? బడిప్రక్కఁ గొంచెము నేల యిండు. పార వారిచేతి కిండు. నేర్పుట మీ వంతు.