హైదరాబాదు క్లోరోఫారం పరీక్షలు నేర్పిన పాఠం

శస్త్రచికిత్సకు ముందు మత్తు వైద్యులు మీ గుండెను గురించి, మీరు వాడే మందులను గురించి అన్ని ప్రశ్నలు ఎందుకు అడుగుతారు? అందులో మన హైదరాబాదు చరిత్ర కొంత ఇమిడి ఉంది.

1847లో ఎడింబరోలో జేమ్స్ సింప్సన్ క్లోరోఫారాన్ని వాడుకలోకి తెచ్చారు. మరుసటి జనవరిలోనే ఇంగ్లండులో, కాలిగోరు తీయించుకుంటున్న 15 ఏళ్ల హానా గ్రీనర్ ఆ మత్తులో మరణించింది. ఇటువంటి మరణాలలో ముందుగా ఆగేది శ్వాసా, గుండెా అన్న వివాదం దశాబ్దాలు సాగింది.

దానిని తేల్చడానికి నిజాం ప్రభుత్వ ఆదరణతో సర్జన్ ఎడ్వర్డ్ లారీ 1888, 1889లలో హైదరాబాదులో రెండు సంఘాల ద్వారా జంతువులపై పరీక్షలు జరిపించారు. శ్వాసే ముందుగా ఆగుతుందనీ, దానిని గమనిస్తే చాలుననీ అవి తీర్మానించాయి.

కాని 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులపై జరిపిన పరీక్షలు మరొక సత్యాన్ని చూపాయి. క్లోరోఫారం మత్తు తేలికగా ఉన్నప్పుడు అడ్రినలిన్ తోడైతే గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోగలదు. భయపడినప్పుడు మన దేహంలో ఊరేదీ ఆ అడ్రినలినే.

శ్వాసను గమనించాలన్న హైదరాబాదు మాట నిజమే. అదొక్కటే చాలునన్నది పొరపాటు. మందు ప్రభావం మోతాదుతోపాటు దేహస్థితిపై, తోడైన ఇతర మందులపై కూడా ఆధారపడుతుంది. కనుక మత్తు వైద్యుల వద్ద ఏ జబ్బునూ, ఏ మందునూ దాచకండి.