జూలై 6 : ఉదయగిరి నుండి తిరుమలకు

మన వరికుంటపాడు పొరుగుననున్న ఉదయగిరి దుర్గమును శ్రీకృష్ణదేవరాయలవారు ఏడాదికి పైగా ముట్టడించి, 1514 జూన్‌లో గజపతులనుండి గైకొన్నారు. పిమ్మట తిరుమల చేరి, జూలై 6న శ్రీవారికి 30,000 వరహాలతో కనకాభిషేకము గావించారు.

ఆ బంగారమును అందరూ తలుస్తారు. ఉదయగిరి కోల్పోయినదానిని తలచేవారు తక్కువ. ఇచ్చట పూజలందుకొన్న బాలకృష్ణమూర్తిని రాయలవారు విజయనగరమునకు కొనిపోయి, తాము కట్టించిన కృష్ణాలయంలో 1515లో ప్రతిష్ఠించారు. రాజ్యము పోయింది, ఆ గుడిలో పూజలు ఆగాయి. స్వామి మాత్రం చెన్నపట్నం మ్యూజియం చేరాడు. అక్కడ చూచేవారున్నారు గాని నైవేద్యము పెట్టేవారు లేరు!

అదే జూలై 6న, 1930లో, కోనసీమ శంకరగుప్తంలో మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు జన్మించారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు మురళీకృష్ణ. ‘బాల’ తరువాత చేరింది. తిరుమల తిరుపతి దేవస్థానం ఆస్థాన విద్వాంసులుగా ఆ బాలకృష్ణ నామధేయులు శ్రీవారి కీర్తనలు పాడారు.

ఒక్కమాట. రాయలనాటి తేదీ పాత జూలియన్ గణనము. నేటి లెక్కకు పది రోజులు కలిపితే జూలై 16 అవుతుంది. మన పంచాంగము ప్రకారం అది భావనామ సంవత్సర ఆషాఢ శుక్లపక్షము. కనకాభిషేకమును స్మరించేవారు ఆ పక్షమునే పట్టుకోవాలి.