సారా కేసుల ప్లీడరుగారి ముచ్చట

లాసెట్ రాశావనీ, క్రిమినల్ ప్లీడరు అవుతానంటున్నావనీ మీ అమ్మ చెప్పింది. చెబుతూనే మొహం ముడుచుకుంది. దొంగల తరఫున వాదించే చదువు మనింటి పిల్లకెందుకని దాని బాధ. దాని సంగతి నేను చూసుకుంటాను గానీ, ఆ కుంపటి ఇటు జరిపి కూర్చో తల్లీ. ఫోను పక్కన పెట్టు. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. ఈ పూటకి నువ్వు నాకు లోకువే. మధ్యలో లేస్తే ఊరుకోను.

మన బుచ్చయ్యపేట మండలంలో వడ్డాది దగ్గర బస్సెక్కి చోడవరం మీదుగా వెళ్తే అనకాపల్లి. ఆ అనకాపల్లి పక్కనే తుమ్మపాల. రాచకొండ వారి స్వగ్రామం అది. ఆ ఇంటి బిడ్డే రాచకొండ విశ్వనాథశాస్త్రి. లోకానికి రావిశాస్త్రి. కథల రావిశాస్త్రిని చాలామంది చదివారు. ఆయన పొద్దున్నే నల్లకోటు తగిలించుకుని మేజిస్ట్రేటు కోర్టుకి వెళ్లే ప్లీడరన్న సంగతి మాత్రం మీ ఈడువాళ్లకి అంతగా తెలీదు. ఆ ముచ్చటే చెబుతాను.

ఆయన 1922 జూలై 30న శ్రీకాకుళంలో పుట్టారు. తేదీ గుర్తుండకపోతే ఇలా పెట్టుకో. ఆ బిడ్డ పుట్టి మూడు వారాలు దాటాయో లేదో, ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసు స్టేషను మీద పడ్డాడు. మన్యమంతా అట్టుడికిపోతున్న ఏడాదన్నమాట. తండ్రి నారాయణమూర్తిగారు ప్లీడరు. తల్లి సీతాలక్ష్మిగారికి సాహిత్యం ఇష్టం, తనూ రాసేవారు. పిల్లవాడికి రెండూ అబ్బాయి. కానీ నేరుగా లా చదువుకి వెళ్లలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం తీసుకుని బి.ఏ. ఆనర్స్ చదివారు. ఆ తర్వాతే మద్రాసు విశ్వవిద్యాలయం లా పట్టా. పట్టా చేతికొచ్చింది కదా అని బోర్డు కట్టేసుకోలేదు. తాతగారి దగ్గర పని నేర్చుకుని, 1950లో విశాఖపట్నంలో సొంతంగా ప్రాక్టీసు పెట్టారు.

తత్వశాస్త్రం చదివినాయనకి సారా కేసులేమిటని నవ్వుతున్నావు కదూ? నవ్వు, నవ్వు. సాక్షి చెప్పేది నిజమా, నిజమని ఎలా తెలుస్తుంది, తెలిసిందని నువ్వెలా అంటావు? క్రాస్ ఎగ్జామినేషన్లో ప్లీడరు అడిగేవి ఇవే. తత్వశాస్త్రం మేష్టరు అడిగేవీ ఇవే. ఆ చదువు వృథా పోయిందని నేననుకోను.

అన్నట్టు, ఇప్పుడు మీరందరూ అడ్వకేట్లే. 1961లో అడ్వకేట్ల చట్టం వచ్చాక ఒకటే వరస. అంతకు ముందు ప్లీడర్లలోనూ తరగతులుండేవి. ఫస్ట్ గ్రేడు, సెకండ్ గ్రేడు. సెకండ్ గ్రేడువాడు ఎంత ఘనుడైనా హైకోర్టు గడప తొక్కి వాదించడానికి లేదు. టంగుటూరి ప్రకాశం పంతులుగారు రాజమండ్రిలో సెకండ్ గ్రేడు ప్లీడరే. చేతినిండా కేసులు, ఊళ్లో పేరు. అయినా ఆ గడప దగ్గర ఆగిపోవలసి వచ్చేది. పట్టుదల మనిషి కదా, 1904లో ఓడెక్కి ఇంగ్లండు వెళ్లి బారిస్టరై 1907లో మద్రాసులో దిగారు. 1911లో తిరునెల్వేలి కలెక్టరు యాష్‌ని కాల్చి చంపిన కేసులో ముద్దాయిల తరఫున నిలబడ్డ వాళ్లలో ఆయనా ఒకరు. దొరని చంపిన కేసు! దొరల రాజ్యంలో! ఆ కోటు వేసుకోవడానికి ఎంత గుండె కావాలో ఆలోచించు. ఆ తర్వాత గాంధీగారి మాట మీద అంత ప్రాక్టీసూ వదిలేశారు. పంతులుగారి కథ మొదలుపెడితే తెల్లారిపోతుంది. మన శాస్త్రిగారి దగ్గరికి వచ్చేద్దాం.

ఆయన ప్రాక్టీసు పెట్టిన కాలం ఎలాంటిదో తెలియాలి. 1937లో రాజాజీగారు సేలం జిల్లాలో మొదలుపెట్టిన మద్యనిషేధం, 1948కల్లా మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా వచ్చేసింది. మనదీ అప్పుడు ఆ ప్రెసిడెన్సీయే. మంచి ఉద్దేశమే, కాదనను. తాగుబోతు మొగుడితో వేగిన ఏ ఆడదాన్నడిగినా మంచి చట్టమనే చెబుతుంది. కానీ బెల్లం ఉన్నచోట ఈగలు రాకుండా ఉంటాయా? మన నేల బెల్లం నేల. గానుగాడే రోజుల్లో ఏ కళ్లం వైపు వెళ్లినా పాకం వాసనే. తేరిన మంచి బెల్లం అనకాపల్లి మార్కెట్‌కి పోయేది. అడుగున మిగిలిన మడ్డీ, నల్లబెల్లమూ ఎక్కడికి పోయేవో ఎవరూ ఎవరినీ అడిగేవారు కాదు. బెల్లం, తుమ్మచెక్క, నీళ్లూ కుండలో పోసి మట్టిలో పాతిపెడితే అదే పొంగి ఊట అవుతుంది. దాన్ని బట్టీ మీద పెడితే సారా. పెట్టుబడి పెట్టినాయన పట్నంలో మేడలో ఉంటాడు. కాచేవాడు తోటలో ఉంటాడు. చీకట్లో మోసుకెళ్లేది మాత్రం కూటికి లేని ఆడమనిషి. ఆవిడే దొరికేది. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర.

అలా దొరికినవాళ్లతో కోర్టులు నిండిపోయాయి. చట్టమూ, శాస్త్రిగారి ప్రాక్టీసూ ఇంచుమించు ఒకే ఈడువి. ఆయన గదికి వచ్చిన పార్టీలు జమీందారులు కారు. సారా అమ్ముకునేవాళ్లు, ఒళ్లమ్ముకునేవాళ్లు, జేబుదొంగలు, రేవులో కూలీలు. సివిల్ వైపు వెళ్లి భూమి దావాలు పట్టుకుంటే ఏళ్ల తరబడి వాయిదాలు, దానికి తగ్గ ఫీజులు. దావా గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడిస్తే ఓడినవాడు కోర్టులోనే ఏడ్చాడంటారు గానీ, రెండు వైపులా ప్లీడరుకి మాత్రం గిట్టుబాటే. అటు పోకుండా, వకాల్తా స్టాంపుకి కూడా తడుముకునే మనుషుల పక్కన నిలబడ్డారాయన.

ఆ రోజుల కోర్టు మర్యాదలు నీకు తెలీవు. రోజు కూలి రూపాయి దాటని కాలం, రెండణాలకి కాఫీ వచ్చే కాలం. సారా కేసులో ఒప్పుకుంటే జరిమానా ఇరవయ్యో పాతికో. అంటే నెల రోజుల కష్టం. వాయిదాకి మనూళ్లవాళ్లు తెల్లవారుజామునే చద్దిమూట కట్టుకుని బండి మీద బయల్దేరేవారు. ఫీజు డబ్బులు చాలకపోతే పనసపండో, గుమ్మడికాయో, బెల్లం దిమ్మో ప్లీడరుగారి వీధరుగు మీద పెట్టేవారు. ప్లీడరుగారి కంటే ముందు గుమాస్తాగారికి దణ్ణం పెట్టాలి. ఆయన చల్లగా చూస్తేనే కాగితం కదిలేది. కోర్టు బంట్రోతు మూడుసార్లు పేరు పిలిచేవాడు. ఆ పిలుపులో ఎంతటి సింహాద్రప్పడైనా, ఎంతటి పైడితల్లైనా గుర్తుపట్టలేనట్టు మారిపోయేవారు. తన పేరే పిలుస్తున్నారని తెలీక చెట్టు కింద కూర్చుని చద్దన్నం తింటూ వారంటు తెచ్చుకున్నవాళ్లని నేనెరుగుదును.

ఓ మేజిస్ట్రేటు కోర్టులో నేను చూసిన క్రాసు ఒకటి చెబుతాను. ఏ ఊరని అడక్కు. అమావాస్య నాటి రాత్రి, చెరువుగట్టు మీద, రబ్బరు ట్యూబులో సారాతో ఒక ముసలామెను పట్టుకున్నారని కేసు. పట్టుకున్న వైనం రాసిన కాగితం, అదే మహజరు, దాని మీద సంతకం పెట్టిన సాక్షి బోనెక్కాడు. ప్లీడరుగారు గొంతు పెంచలేదు.

“కాగితం ఎక్కడ రాశారు బాబూ?”

“గట్టు మీదేనండి.”

“దీపం ఉందా?”

“లేదండి, చీకటి.”

“నీకు చదువొచ్చా?”

“సంతకం వరకూ వచ్చండి.”

“చీకట్లో ఎలా రాశారు?”

సాక్షి కోర్టు కానిస్టేబులు వైపు చూశాడు. ఆయన కిటికీ వైపు చూశాడు. “స్టేషన్లో రాసి తెచ్చారండి” అన్నాడు పాపం, నిజం చెప్పేస్తే పోతుందనుకున్నాడో ఏమో. ప్లీడరుగారు “ఇంకేం లేదండి” అని కూర్చున్నారు. ఆ ముసలిది నిజంగా సారా మోసిందా లేదా? నాకు తెలీదు. మేజిస్ట్రేటుగారికీ తెలీదు. రుజువు చెయ్యవలసినవాడు రుజువు చెయ్యలేదు, అంతే. కేసు కొట్టేశారు. క్రిమినల్ ప్లీడరు పని మొత్తం ఆ నాలుగు ప్రశ్నల్లో ఉంది తల్లీ. ముద్దాయి మంచివాడని చెప్పడం కాదు. శిక్ష వేసేముందు సరిగ్గా రుజువు చెయ్యమని సర్కారుని నిలబెట్టి అడగడం.

ఇలాంటివి రోజూ చూసిన రావిశాస్త్రిగారు ఊరుకోలేకపోయారు. పగలు కోర్టులో విన్నదంతా కాగితం మీదికి ఎక్కింది. ఆరు సారా కథలు అలా పుట్టాయి. అందులో ‘మాయ’ అని ఒకటుంది. ఓ కుర్ర ప్లీడరు, సారా కేసులో ఇరుక్కున్న ముత్యాలమ్మ. చట్టాలు చదివినవాడు ఆ కుర్రాడు, చట్టం నడిచే దారి తెలిసింది ఆవిడకి. ఆవిడ మన యాసలో చెప్పుకుపోతుంటే కుర్రాడి చదువంతా నేలకి దిగుతుంది. నువ్వు కాలేజీలో చేరకముందే అది చదవాలి, లేకపోతే ఫీజు కట్టనివ్వను. జాలి కోసం రాయలేదాయన. సారా అమ్మినవాళ్లని దేవతల్నీ చెయ్యలేదు. తిలా పాపం తలా పిడికెడని ఎవరి పిడికెడు వాళ్ల చేతిలో పెట్టారు. పోలీసుకి, గుమాస్తాకి, పెద్ద ప్లీడరుకి, మేజిస్ట్రేటుకి, ఎవరినీ మినహాయించకుండా. తన వృత్తినే అంత నిక్కచ్చిగా బోనెక్కించిన ప్లీడరుని నేనింకొకర్ని చూడలేదు.

ఆ మద్యనిషేధ చట్టం ఓ ప్రభుత్వాన్నే పడగొట్టింది, అదీ చెప్పాలి. 1954లో ఆంధ్ర రాష్ట్రానికి ప్రకాశం పంతులుగారు ముఖ్యమంత్రి. మన జిల్లా లక్కవరంలో పుట్టిన తెన్నేటి విశ్వనాథంగారు ఆర్థికమంత్రి. ఇద్దరూ ప్లీడర్లే. నిషేధం ఎత్తేయమని రామమూర్తి కమిటీ చెప్పింది, ప్రభుత్వం ఒప్పుకోలేదు. నవంబరులో అవిశ్వాసం పెడితే ఒక్కటంటే ఒక్క ఓటుతో మంత్రివర్గం కూలిపోయింది. మోసినామె జరిమానా కట్టింది, మంత్రులు కుర్చీలు పోగొట్టుకున్నారు, సారా మాత్రం ఎక్కడికీ పోలేదు.

మీ అమ్మ బెంగకి జవాబు కూడా మన జిల్లాలోనే ఉంది. ఎస్. రాయవరంలో పుట్టిన గురజాడ అప్పారావుగారు రాసిన ‘కన్యాశుల్కం’ గుర్తు తెచ్చుకో. లుబ్ధావధాన్లు పిసినారి, ముసలితనంలో పెళ్లికి ఎగబడ్డవాడు. ఆడవేషం వేసుకున్న కుర్రాడికి తాళి కట్టాడు. పెళ్లికూతురు మాయమైంది, చంపేశాడని ఖూనీ కేసు. చచ్చిన మనిషే లేని ఖూనీ! వెర్రి పనులు చేసినవాడే గానీ ఆ నేరం చెయ్యలేదు. అటువంటివాడి తరఫున విశాఖపట్నంలో సౌజన్యారావు పంతులుగారు నిలబడకపోతే ఏమయ్యేది? మనకి నచ్చని మనిషి మీద కూడా అబద్ధపు కేసు నిలబడకూడదు. మీ అమ్మకి ఆ నాటకం చూపించు, నేను చెప్పానని చెప్పు.

ముద్దాయిల పక్కన అంతకాలం నిలబడ్డ రావిశాస్త్రిగారిని ఆఖరికి ఆ పక్కనే కూర్చోబెట్టారు. 1970లో విప్లవ రచయితల సంఘం పుట్టినప్పుడు శ్రీశ్రీతో పాటు ఆయనా అందులో ఉన్నారు. 1975లో ఎమర్జెన్సీ రాగానే జైలుకి తీసుకుపోయారు. బయటికి వచ్చాకా ఆయన తీరు మారలేదు. 1983లో తను చదువుకున్న ఆంధ్ర విశ్వవిద్యాలయమే కళాప్రపూర్ణ ఇస్తానంటే వద్దన్నారు. 1993 నవంబరు 10న పోయారు.

ఆయన నాటికి ప్లీడరుని పెట్టుకునే హక్కు ముద్దాయికి ఉండేది, పెట్టుకునే డబ్బే ఉండేది కాదు. పేద ముద్దాయికి సర్కారే ప్లీడరుని ఇవ్వాలని సుప్రీంకోర్టు 1978, 79ల్లో గట్టిగా చెప్పింది. 1987లో న్యాయసేవల చట్టం చేశారు, 1995 నుంచి అమల్లో ఉంది. ఆడవాళ్లకి, ఎస్సీ ఎస్టీలకి, కస్టడీలో ఉన్నవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా ప్లీడరుని ఇస్తారు. 15100కి ఫోను చేస్తే చాలు. ఈ సంగతి మన ఊళ్లలో ఇప్పటికీ సగం మందికి తెలీదు. నువ్వు పట్టా తెచ్చుకున్నాక పెద్ద సీనియరు కింద చేరతావో, సొంతంగా బోర్డు పెడతావో నీ ఇష్టం. మొదటి ఏడాది మాత్రం ఆ ఉచిత కేసుల జాబితాలో నీ పేరు రాయించుకో.