ఒకే ఏడాది బీజం పడిన రెండు వైద్యాలు

శ్రీశైలం రోడ్డు మీది తుక్కుగూడ నుంచి రొమ్ము క్యాన్సర్ వైద్యానికి వెళ్లాలంటే హైదరాబాదే దారి. రెడ్‌హిల్స్‌లో 1955 నుంచీ ఎం.ఎన్.జె. ఆసుపత్రి ఉంది, 2000 నుంచి బంజారాహిల్స్‌లో బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఆపరేషన్, మందులు, ఆపైన కరెంటు పెట్టించుకోవడం (రేడియేషన్‌ను మనవాళ్లు అనేది అలాగే) గురించి ఇంటిల్లిపాదీ మాట్లాడుకుంటారు. తీసేసిన రొమ్మును మళ్లీ కట్టించుకోవచ్చన్న మాట మాత్రం నోరు విప్పి అడగడానికే ఆడవాళ్లు మొహమాటపడతారు.

ఆ వైద్యం నిన్నమొన్నటిది కాదు. 1895లో జర్మనీలోని హైడెల్బర్గ్‌లో విన్సెంజ్ చెర్నీ అనే సర్జన్ ఒక గాయనికి రొమ్ము తీయవలసి వచ్చింది. ఆమె నడుము దగ్గర ప్రమాదం లేని కొవ్వు గడ్డ ఒకటి, పిడికిలిని మించినది, ఉంది. దాన్నే తెచ్చి ఖాళీ అయిన చోట అమర్చారు. అదే ఏడాది నవంబరులో, అదే దేశంలో రాంట్‌జెన్ అనే శాస్త్రవేత్త ఎక్స్‌కిరణాలను కనిపెట్టారు. కరెంటు వైద్యానికి మూలం అవే. అలా ఒకే ఏడాది బీజం పడిన ఈ రెండు వైద్యాలకూ ఇప్పటికీ పొసగడం లేదు.

1962లో అమెరికాలోని హ్యూస్టన్‌లో క్రోనిన్, జెరో అనే డాక్టర్లు తొలి సిలికోన్ రొమ్ము ఇంప్లాంట్ అమర్చారు. రక్తం నింపిన ప్లాస్టిక్ సంచిని చేత్తో పట్టుకున్నప్పుడు జెరోకు ఆ ఊహ తట్టిందంటారు. తర్వాత రాడొవాన్ అనే సర్జన్ చర్మాన్ని సాగదీసే ఎక్స్‌పాండర్ తెచ్చారు. ఖాళీ సంచిని ఛాతీ కండరం కింద పెట్టి, కొన్ని వారాల పాటు సూదితో ఉప్పునీరు ఎక్కిస్తూ పోతే పైచర్మం మెల్లగా సాగుతుంది. చాలినంత సాగాక సంచి తీసి ఇంప్లాంట్ పెడతారు.

కరెంటు తగిలిన చర్మంతోనే చిక్కు. సన్నటి రక్తనాళాలు దెబ్బతిని అది బిరుసెక్కుతుంది, సాగదు, గాయం త్వరగా మానదు. ఏ ఇంప్లాంట్ చుట్టూనైనా శరీరం ఒక పొర కడుతుంది. రేడియేషన్ పడ్డచోట ఆ పొర మందమై బిగుసుకుపోయి, నొప్పి, ఆకారం చెడడం, మళ్లీ ఆపరేషన్ దాకా తెస్తుంది. అందరికీ అలాగే అవుతుందని కాదు, ముప్పు మాత్రం ఎక్కువ. అందుకే ఇలాంటివారికి వీపు కండరమో, పొట్ట కొవ్వో తెచ్చి కట్టడం మేలని చాలామంది సర్జన్లు అంటారు. వీపు కండరం పద్ధతి ఇటలీలో టాన్సినీ అనే సర్జన్ 1906 నాటికే వాడి చూపినది. మరుగున పడి, 1970లలో మళ్లీ వాడుకలోకి వచ్చింది.

కాబట్టి అమ్మా, కరెంటు మొదలుకాకముందే, వీలైతే ఆపరేషన్‌కు ముందే, క్యాన్సర్ డాక్టరునూ ప్లాస్టిక్ సర్జన్‌నూ కలిసి అడగండి. అడగడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు.