అమెరికా బొంతల అంగడి, మన గంప బేరము

1860 నవంబరు 16న మదరాసు నుండి వచ్చిన ట్రూరో ఓడ డర్బన్ రేవు చేరినది మొదలు 1911 వరకు మన పూర్వీకులు నేటాలు చెరకు తోటలకు వచ్చినారు. ఆ కథ మన పెద్దలు పలుమార్లు చెప్పినదే కనుక మరల ఎత్తుకొనను. అయిదేండ్ల గిర్మిట్టు తీరిన పిమ్మట వారేమి చేసి బ్రతికినారన్నదే ఈ వ్యాసమునకు కావలసినది. చాలామంది కొద్దిపాటి నేల కౌలుకు తీసికొని కూరగాయలు పండించినారు. పండిన వాటిని గంపలకెత్తుకొని ఇంటింటికి తిరిగి అమ్మినారు. తెల్లదొరసానులు గంప ఎత్తిన ప్రతివానిని "సామీ" అని పిలిచేవారట. మన స్వామి శబ్దమే వారి నోట అట్లయినది. ఆ గంపలకు బోర్డు లేదు, ప్రకటన లేదు. ఫలానావాని వంకాయలు లేతగా ఉన్నవని ఒక ఇంటివారు పక్క ఇంటివారికి చెప్పితే మరునాడు ఆ గుమ్మము కూడా తెరుచుకొనేది.

గంప దించి చిన్న అంగడి పెట్టుకొందామన్నవానికి వేరొక చిక్కు ఉండెను. నేటాలు ప్రభుత్వము 1897లో చేసిన 18వ చట్టము ప్రకారము వ్యాపారపు లైసెన్సు ఇచ్చుట, మానుట లైసెన్సింగు ఆఫీసరు చేతిలోని పని. లెక్కలు ఇంగ్లీషులో వ్రాసి పెట్టలేనివానికి లైసెన్సు లేదనవచ్చును. అన్యాయమనుకొంటే పట్టణ కౌన్సిలుకు మొర పెట్టుకోవలెను. ఆ ఆఫీసరును నియమించినదీ ఆ కౌన్సిలే! కోర్టుకు పోవుటకు ఆ చట్టము దారి ఉంచలేదు. ఎన్ని కుటుంబముల అంగడి ఆశ ఆ ఒక్క బల్ల ముందు ఆగిపోయినదో.

ఈ పాత సంగతి ఇప్పుడు ఎందుకు గుర్తుకు వచ్చినదంటే, గత ఏడాది వేసవిలో అమెరికాలోని టెక్సాసు రాష్ట్రములో మా తమ్ముని కూతురి ఇంట మూడు నెలలు ఉండి వచ్చినాను. ఆ అమ్మాయి ఇంట్లో ఊరగాయలు పెట్టి అమ్ముచున్నది. టెక్సాసులో ఇంటి వంటను అమ్ముకొనే చట్టమును 2019లో సవరించి ఊరగాయలను కూడా చేర్చినారు. సీసా మీద చీటీ ఉండవలెను, పులుపు కొలత సరిపోవలెను, ఇట్లు కొన్ని నియమములున్నవి. ఆమెకు అంగడి లేదు, వీధిలో బోర్డు లేదు. ఉన్నదంతా చేతిలోని ఫోను. పొద్దున ముక్కలు కోయుచు ఒక బొమ్మ, ఆవపిండి కలుపుచు ఒక బొమ్మ తీసి సామాజిక మాధ్యమములో పెట్టును. సాయంత్రమునకు పది మంది అడుగుదురు. భోజనము దగ్గర కూడా ఫోను చూచుచున్నదని నేను కసురుకొన్నాను. "పెదనాన్నా, మన అవ్వ గంప దించి అన్నం తినేది కాదని మీరే చెప్పారు కదా. నాకు ఇదే గంప" అన్నది. జవాబు తోచక ఊరకున్నాను. తరువాత ఆ దేశములో చిన్న కుటుంబములు తమ సరుకు సంగతి నలుగురికి ఎట్లు తెలియజేసినవో చదువుట మొదలుపెట్టినాను.

అమెరికాలో ఈ కథ ఫోనుతో మొదలు కాలేదు, తపాలా బండితో మొదలైనది. 1896 నుండి పల్లెల ఇండ్లకు ఉత్తరములు ఉచితముగా తెచ్చియిచ్చు ఏర్పాటు వచ్చినది. 1913 జనవరి 1 నుండి పార్సెలు తపాలా వచ్చినది. మరుసటి ఏడు తపాలా శాఖ ఒక ముచ్చటైన పని చేసినది. గ్రుడ్లు, వెన్న, కూరగాయలు పార్సెలులో పంపగల రైతుల పేర్లను పోస్టుమాస్టర్ల చేత సేకరింపించి, జాబితాలు అచ్చు వేయించి, పట్టణపు ఇండ్లకు పంచిపెట్టినది. పొలము నుండి భోజనపు బల్లకు అన్న అర్థము వచ్చు పేరు దానికి పెట్టినారు. గ్రుడ్లు దారిలో పగులుట వంటి తంటాలు ఉండెను, ఆ ఏర్పాటు చాలాకాలము నిలువలేదు. అయినను ఒక్క సంగతి గమనింపవలెను. ఆ దారి సర్కారుది, అనగా అందరిది.

ఫేస్‌బుక్ 2004లో పుట్టినది. వ్యాపారములు తమ పేరిట పుటలు తెరచుకొనుటకు అందులో 2007 నవంబరులో వీలు కలిగినది. యూట్యూబ్ 2005లోను, వాట్సాప్ 2009లోను, ఇన్‌స్టాగ్రామ్ 2010లోను వచ్చినవి. ఈ తేదీలకేమి గాని, వీటిని ఒక కుటుంబము ఎట్లు వాడుకొన్నదో చూచినగాని విషయము బోధపడదు.

మిస్సోరీ రాష్ట్రములో హామిల్టన్ అను చిన్న ఊరున్నది. జనము రెండు వేలు కూడ లేరు. అమెరికా అంతట అంగళ్లు తెరచిన జేమ్స్ క్యాష్ పెన్నీ 1875లో పుట్టినది ఆ ఊరి దగ్గరనే. తన కంపెనీ 500వ అంగడిని 1924లో ఆయన ఆ ఊరిలోనే తెరచినాడు. తరువాతి కాలములో, అక్కడి అనేక చిన్న ఊళ్లకు పట్టిన గతియే దానికీ పట్టి పెద్ద వీధిలో కొట్లు మూతబడినవి. 1990ల నడుమ కాలిఫోర్నియా నుండి డోన్ అను కుటుంబము అక్కడికి వచ్చి స్థిరపడినది. తండ్రి రాన్ కాన్సస్ సిటీలోని ఒక దినపత్రికలో యంత్రముల పని చేసేవాడు. తల్లి జెన్నీ. పిల్లలు ఏడుగురు. 2008లో బ్యాంకులు కూలినప్పుడు ముసలితనమునకని దాచుకొన్న సొమ్ము చాలా వరకు కరిగిపోయినది. ఉద్యోగము ఉండునో ఊడునో తెలియదు.

జెన్నీకి బొంతలు కుట్టుట అలవాటు. మన అవ్వలు పాత చీరలు పొరలు పొరలుగా పరచి కుట్టిన బొంత వంటిదే, కాని వారిది మరి కొంత పని గలది. పైన రంగు ముక్కల అతుకు, నడుమ దూది, క్రింద అస్తరు. ఈ మూడింటిని కలిపి కుట్టుటకు పెద్ద యంత్రము కావలెను. అది గలవారికి ఇచ్చి నెలల తరబడి ఎదురుచూడవలెను. తాను ఏ బొంత ఇచ్చినదో ఆమెకే జ్ఞాపకము లేనంత ఆలస్యమైనదట ఒకసారి. అంత గిరాకి ఉన్నప్పుడు అమ్మకే ఒక యంత్రము కొనిపెడదామని కొడుకు ఆలన్, కూతురు సారా అప్పు చేసి కొన్నారు. యంత్రము ఇంట పట్టలేదు. దాని కొరకు ఊరిలో ఒక పాత కట్టడము కొనవలసి వచ్చినది. ఆ విధముగా 2008లో మిస్సోరీ స్టార్ క్విల్ట్ కంపెనీ ఏర్పడినది.

అంగడి తెరచినారు గాని అంత చిన్న ఊరిలో గిరాకి ఎక్కడ నుండి వచ్చును? అప్పుడు ఆలన్, యూట్యూబులో పాఠములు చెప్పుమని తల్లిని అడిగినాడు. అదేమిటో ఆమెకు సరిగా తెలియదు. 2009 నుండి కెమెరా ముందు నిలిచి, ఇరుగింటి ఆమెతో మాటలాడినట్లు నవ్వుచు, ముక్కలను ఎట్లు కోయవలెనో, ఎట్లు కలుపవలెనో చూపించినది. నా సరుకు కొనుడని అరచినది లేదు. నేర్పినది, అంతే. చూచినవారికి చేతులు ఊరకుండునా? గుడ్డ కావలెను. ముందే కొలతకు కోసిన ముక్కల కట్టలు ఆ అంగడిలో ఉన్నవి. రోజుకొక సరుకును తగ్గింపు ధరకు తమ సొంత వెబ్‌సైటులో పెట్టినారు. విద్య ఉచితము, గుడ్డ వెలకు.

ఇక్కడ నేను కొంచెము ఆగవలెను. మనవారిలో పనితనము దాచుకొనే అలవాటున్నది. కారము పాళ్లు కోడలికి కూడా చెప్పని అత్తలను నేనెరుగుదును. చెప్పితే బేరము పోవునని భయము. హామిల్టన్‌లో జరిగినది దీనికి తలక్రిందులు. పాఠములు చూచినవారు లక్షలలోనికి పెరిగినారు. ఆ కుటుంబము పెద్ద వీధిలోని పాడుబడిన కట్టడములను ఒకటొకటిగా కొని బాగుచేసి, పండుగల గుడ్డలకొకటి, పసిపిల్లల గుడ్డలకొకటి, ఇట్లు డజనుకు పైగా అంగళ్లు పెట్టినది. దేశము నలుమూలల నుండి ఆడవారు బస్సులలో వచ్చుచున్నారు. వెంట వచ్చిన మగవారు కూర్చుండి కునుకు తీయుటకు ఒక గది కూడ ఏర్పరచినారు. అది చదివి మా ఇంటిది చాలాసేపు నవ్వినది. 2015లో అమెరికా చిన్న వ్యాపారముల ప్రభుత్వ సంస్థ ఆ ఏటి జాతీయ బహుమానమును ఆలన్, సారాలకు, వారితో కలిసి వ్యాపారము కట్టిన డేవ్ మిఫ్సుడ్‌కు ఇచ్చినది. పని లేని ఊరిలో వందల మందికి పని దొరికినది.

ఇట్టివి మరికొన్ని ఉన్నవి. సోవియట్ దేశము నుండి 1978లో వలసవచ్చిన కుటుంబపు కుమారుడు గ్యారీ వేనర్‌చక్, న్యూజెర్సీలోని తండ్రి సారా కొట్టు నుండి 2006లో దినమొక వీడియో చేయ నారంభించి పేరు పొందినాడు. సారా సంగతి మనకెందుకులే. లాస్ ఏంజిలస్‌లో 2008 నవంబరులో కోగి అను తిండి బండి బయలుదేరినది. ఫిలిప్పీన్ వంశపు మార్క్ మంగేరా, ఆయన భార్య కుటుంబము, కొరియాలో పుట్టిన వంటవాడు రాయ్ చోయ్ కలిసి కొరియా మాంసపు వంటను మెక్సికో రొట్టెలో చుట్టి అమ్మినారు. బండి ఈ రాత్రి ఏ వీధిలో ఆగునో ట్విట్టరులో 140 అక్షరములలో వేసేవారు. ఆ వార్తలు వ్రాసినది మార్క్ మరదలు. వందల మంది వరుసలో నిలిచేవారట. గంపవాని కేకకు దీనికి నాకేమీ తేడా కనబడలేదు. కేక వీధి చివరకు మాత్రమే వినబడును, ఇది ఊరంతా వినబడినది.

మరి ఈ దారి ఎవరిది? తపాలా దారి వలె అందరిది కాదు. 2018 జనవరిలో ఫేస్‌బుక్ యజమానులు, ఇకపై బంధుమిత్రుల మాటలు ముందు కనబడును, వ్యాపారముల మాటలు తగ్గునని ప్రకటించినారు. అంతవరకు ఉచితముగా చేరిన కబురు చేరవలెనంటే చాలామంది సొమ్ము కట్టవలసి వచ్చినది. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడును ఇంచుమించు ఆరు గంటలు ఆగిపోయినవి. అవన్నీ ఒకే యజమానివని ఆనాడు తెలిసినవారెందరో! 2025 జనవరి 18 రాత్రి టిక్‌టాక్ అమెరికాలో మూతబడి, మరునాడు తిరిగి తెరచుకొన్నది. దాని మీదనే బ్రతికే చిన్న అంగడివారికి ఆ రాత్రి నిద్ర పట్టి ఉండదు.

నేను అక్కడ ఉండగానే మా అమ్మాయికీ ఇట్టి దెబ్బ తగిలినది. ఏ సంస్థయో చెప్పను. పచ్చిమామిడి కాయలు రెండు పెట్టెలు దింపిన మరునాడు ఉదయము ఆమె పుట తెరచుకొనలేదు. నియమము తప్పినారని ఒక వాక్యమున్నది. ఏ నియమమో లేదు. మొర పెట్టుకొనుటకు ఒక మీట ఉన్నది, నొక్కితే అదే సంస్థ నుండి అదే వాక్యము తిరిగి వచ్చినది. నాకు 1897 నాటి లైసెన్సింగు ఆఫీసరు బల్ల కన్నులకు కట్టినది. ఎవరెవరు ఎన్ని సీసాలు అడిగినారో ఆ కబుర్లన్నీ ఆ పుట లోపలనే చిక్కుకొన్నవి. ఊరగాయ ఊరుచున్నది, కొనువారి పేర్లు లేవు. పందొమ్మిది దినములకు పుట దానంతట అది తెరచుకొన్నది. కారణము చెప్పినవారు లేరు.

ఆ మధ్యలో ఆమె స్నేహితురాలొకతె, సొమ్మిస్తే నూరు పొగడ్తలు వ్రాసిపెట్టేవారున్నారు, కొత్త పుట తెరువుమని సలహా ఇచ్చినది. అట్టి దొంగ పొగడ్తలు కొనుట, అమ్ముట అమెరికాలో 2024 అక్టోబరు నుండి జరిమానా పడగల నియమభంగము. మా అమ్మాయి ఒప్పుకొనలేదు. చట్టము సంగతి ఆమెకు అప్పటికి తెలియదు. "తినకుండా బాగుందని ఎలా రాస్తారు?" అన్నది.

ఆ రాత్రి నేను మా అవ్వ లెక్క చెప్పినాను. ఆమెకు అక్షరము రాదు. వంటింటి తలుపు వెనుక బొగ్గుతో గీతలు గీసేది. పొట్టి గీత ఒక ఇల్లు, పొడుగు గీత ఇంకొక ఇల్లు, అడ్డగీత బాకీ. ఇల్లు మారవలసి వచ్చినప్పుడు తాత ఆ తలుపును ఊడదీసి బండి మీద వేసికొని వచ్చినాడు. హామిల్టన్ కుటుంబము కూడ యూట్యూబులో నేర్పినది గాని, బేరమును తమ సొంత వెబ్‌సైటులోనే ఉంచుకొన్నది. కొన్నవారి చిరునామాలు వారి దగ్గరనే ఉన్నవి.

మరునాడు మా అమ్మాయి గీతల నోటుపుస్తకమొకటి కొని తెచ్చినది. జ్ఞాపకమున్న వారికి ఫోను చేసి, వారి ద్వారా మరికొందరిని కనుగొని వ్రాయ మొదలుపెట్టినది. పుట తిరిగి తెరచుకొన్నాక కూడ వ్రాయుట మానలేదు. నేను విమానమెక్కు నాటికి అందులో 63 పేర్లున్నవి. ఎవరికి కారము తగ్గించవలెను, ఎవరికి వెల్లుల్లి పనికిరాదు, ఎవరు ఖాళీ సీసా తిరిగి ఇచ్చినారు అన్నది ప్రతి పేరు పక్కన తెలుగులోనే వ్రాసి ఉన్నది.